నాకౌట్ చిట్టెలుక ఇచ్చే సాక్ష్యం: రక్తకణాల అభివృద్ధి అధ్యయనంలో జన్యు తొలగింపు పద్ధతిపై ఒక విమర్శనాత్మక పరిశీలన

ఉద్దేశాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు
• నాకౌట్ చిట్టెలుకను ఎలా తయారుచేస్తారో, దానివల్ల రక్తకణాల అభివృద్ధి గురించి ఏం తెలిసిందో వివరించగలుగుతారు.
• "ఫలానా జన్యువు అవసరం" అనే నిర్ధారణను ఏ ప్రశ్నలతో పరీక్షించాలో చెప్పగలుగుతారు.
• చిట్టెలుకలో వచ్చిన ఫలితాన్ని మనిషికి ఎంతవరకు వర్తింపజేయవచ్చో చర్చించగలుగుతారు.

1. ప్రవేశిక

జీవశాస్త్ర పాఠ్యపుస్తకాల్లో ఒక తరహా వాక్యం తరచుగా కనిపిస్తుంది. "గాటా-1 జన్యువు ఎర్రరక్తకణాల అభివృద్ధికి తప్పనిసరి", "ఇకారోస్ జన్యువు లింఫోసైట్‌లకు తప్పనిసరి" అని అది ఒక్క వరుసలో ముగుస్తుంది. విద్యార్థులు ఆ వరుసను కంఠస్థం చేస్తారు, పరీక్షలో రాస్తారు, మార్కులు కూడా పడతాయి. నేను దిద్దిన జవాబు పత్రాల్లో ఈ వాక్యం లేనివి చాలా తక్కువ. కాని "ఈ సంగతి ఎలా తెలిసింది?" అని అడిగిన చిన్న ప్రశ్నకు సగానికి పైగా పత్రాల్లో ఆ స్థలం ఖాళీగా ఉండేది.

ఈ భాగంలో మనం ఆ ఖాళీని పూరించే ప్రయత్నం చేద్దాం. అలాంటి వాక్యాల వెనుక చాలావరకు ఒకే పద్ధతి ఉంది. ఒక జన్యువు పనిచేయకుండా చేసిన చిట్టెలుకను పుట్టించి, దాని రక్తంలో ఏం లోపించిందో చూడటం ఆ పద్ధతి. గత మూడున్నర దశాబ్దాల్లో రక్తశాస్త్రాన్ని ఇంతగా మార్చిన ప్రయోగ పద్ధతులు కొద్దే. అయితే ఆ పద్ధతి ఇచ్చే సాక్ష్యాన్ని మనం చదివే తీరులో లోపాలున్నాయి. పద్ధతి గొప్పతనాన్నీ, దాని పరిమితులనూ నిజమైన ఉదాహరణలతో పక్కపక్కన పెట్టి చూడటమే ఈ విమర్శ లక్ష్యం.

2. పద్ధతి: ఒక జన్యువును ఎలా తొలగిస్తారు?

2.1 మూడు మెట్లు

1981లో మార్టిన్ ఎవాన్స్, మాథ్యూ కాఫ్‌మన్ చిట్టెలుక తొలిదశ పిండం నుంచి పిండ మూలకణాలను వేరుచేసి ప్రయోగశాలలో పెంచారు. అదే సంవత్సరం గెయిల్ మార్టిన్ కూడా స్వతంత్రంగా ఈ పని సాధించారు. ఈ కణాలను తిరిగి మరో తొలిదశ పిండంలోకి ప్రవేశపెడితే శరీరంలోని అన్ని కణజాలాల్లోనూ, బీజకణాల్లోనూ భాగమవుతాయి. ఇది మొదటి మెట్టు.

రెండవ మెట్టు సమజాత పునస్సంయోజనం. జన్యువు ఇరువైపులా ఉండే డీఎన్ఏ వరుసను పోలిన ముక్కలను తయారుచేసి, వాటి మధ్య జన్యువుకు బదులు ఒక ఎంపిక జన్యువును, సాధారణంగా నియోమైసిన్ నిరోధక జన్యువును, ఉంచుతారు. కణం ఈ కృత్రిమ ముక్కను తన సొంత వరుసగా భావించి మార్పిడి చేసుకుంటుంది. ఆలివర్ స్మిథీస్, మారియో కపెచ్చి ప్రయోగశాలలు ఈ మార్గాన్ని తెరిచాయి. 1989 నుంచి ఈ విధంగా జన్యువు తొలగించిన చిట్టెలుకలు వెలువడటం మొదలైంది. కపెచ్చి, ఎవాన్స్, స్మిథీస్‌లకు 2007లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

మూడవ మెట్టు మీకు బాగా తెలిసిన మెండెల్ నియమమే. మార్చిన కణాలను పిండంలో చేర్చి పుట్టించిన మిశ్రమ చిట్టెలుకల నుంచి విషమయుగ్మజ సంతానాన్ని పొంది, వాటిని ఒకదానితో ఒకటి సంకరపరుస్తారు. సంతానం 1:2:1 నిష్పత్తిలో రావాలి.

ఒక లెక్క చూడండి. విషమయుగ్మజ జంటలకు 80 పిల్లలు పుట్టాయనుకోండి. వాటిలో సుమారు 20 పిల్లలకు రెండు ప్రతులూ పోయి ఉండాలి. పరీక్షిస్తే 27 మామూలువి, 53 విషమయుగ్మజాలు, రెండు ప్రతులూ లేనివి సున్న. అంటే ఆ పిల్లలు గర్భంలోనే చనిపోయాయి. అప్పుడు పరిశోధకులు రోజులు వెనక్కి లెక్కిస్తూ 14వ రోజు, 12వ రోజు, 10వ రోజు పిండాలను తీసి, ఎక్కడిదాకా బతికాయో, ఎందుకు పోయాయో వెతుకుతారు. లేనిదాన్ని లెక్కించి ఉన్న విషయాన్ని తెలుసుకోవడం ఈ పద్ధతి ప్రత్యేకత.

2.2 రక్తం పుట్టే స్థలాలు, రోజులు

తరవాతి చర్చ అర్థం కావాలంటే చిట్టెలుక పిండంలో రక్తం ఎప్పుడు, ఎక్కడ పుడుతుందో గుర్తుంచుకోవాలి. చిట్టెలుక గర్భకాలం సుమారు 19 నుంచి 20 రోజులు. ఏడున్నరవ రోజు ప్రాంతంలో సొనసంచిలో తొలి ఎర్రకణాలు ఏర్పడతాయి. ఇవి తాత్కాలిక అవసరం తీర్చే కణాలు. పదిన్నరవ రోజు ప్రాంతంలో పిండపు బృహద్ధమని లోపలి గోడ కణాల నుంచి జీవితాంతం పనిచేసే రక్త మూలకణాలు పుడతాయి. అవి పిండ కాలేయంలో చేరి పెరుగుతాయి, పుట్టుక సమయానికి ఎముక మజ్జకు తరలుతాయి. ఈ స్థలాలను, రోజులను మనసులో పెట్టుకుంటే నాకౌట్ ఫలితాలు సులువుగా అర్థమవుతాయి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
విషమయుగ్మజ జంటలకు పుట్టిన 120 పిల్లల్లో రెండు ప్రతులూ లేనివి 31 ఉన్నాయి. ఈ జన్యువు పిండదశలో బతకడానికి తప్పనిసరి అని చెప్పవచ్చా? కారణం రాయండి.

3. ఈ పద్ధతి సాధించినవి

విమర్శ అంటే తప్పులు ఎంచడం మాత్రమే కాదు. ముందుగా ఈ పద్ధతికి దక్కవలసిన గౌరవం ఇద్దాం.

1991లో గాటా-1 జన్యువును పిండ మూలకణాల్లో తొలగించారు. ఇది ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంది. వాడిన కణాలు మగ కణాలు కాబట్టి ఒక్క ప్రతిని తొలగిస్తే చాలు. ఆ కణాలను మామూలు పిండంలో కలిపితే అవి చర్మంలో, కండరంలో, తెల్లరక్తకణాల్లో కూడా కనిపించాయి. పరిణత ఎర్రరక్తకణాల్లో మాత్రం కనిపించలేదు. ఒకే జంతువులో పక్కపక్కనే పెరిగిన మామూలు కణాలు ఎర్రకణాలయ్యాయి, గాటా-1 లేనివి కాలేకపోయాయి. కాబట్టి లోపం పరిసరాలది కాదు, ఆ కణానిదే. ఇంత శుభ్రమైన తర్కం గాజుగిన్నెలో పెంచిన కణాలతో సాధ్యమయ్యేది కాదు.

అదే సంవత్సరం సి-మిబ్ జన్యువు లేని పిండాలను పరిశీలించారు. 13వ రోజు వరకు అవి మామూలుగా కనిపించాయి. 15వ రోజుకు తీవ్రమైన రక్తహీనత. సొనసంచిలో పుట్టిన తొలి రక్తం బాగానే ఉంది, పిండ కాలేయంలో రక్తోత్పత్తి మాత్రం కుంటుపడింది. 1996లో రంక్స్-1 జన్యువు ఫలితం దీన్ని ఇంకా స్పష్టం చేసింది. అది లేని పిండాల్లో సొనసంచి ఎర్రకణాలు ఏర్పడ్డాయి, కాలేయ రక్తోత్పత్తి అసలే లేదు. పన్నెండున్నరవ రోజు ప్రాంతంలో రక్తస్రావంతో అవి చనిపోయాయి. రక్తం రెండు వేర్వేరు విడతలుగా పుడుతుందని, రెండింటి జన్యు అవసరాలు వేరని పిండశాస్త్రజ్ఞులు అంతకు ముందే ఊహించారు. ఈ చిట్టెలుకలు ఆ ఊహకు జన్యుపరమైన రుజువు ఇచ్చాయి.

4. మొదటి విమర్శ: "అవసరం" అన్న మాటకు తేదీ ఉండాలి

మన భాషలో "ఇది అవసరం" అన్నప్పుడు రెండు అర్థాలుంటాయి. ఇంటి పైకప్పుకు స్లాబు వేసేటప్పుడు కింద సెంట్రింగ్ చెక్కలు, కర్రలు అవసరం. కాంక్రీటు గట్టిపడ్డాక వాటిని తీసేస్తారు, స్లాబు నిలుస్తుంది. గోడలు అలా కావు. వాటిని ఎప్పుడు తీసినా ఇల్లు కూలుతుంది. కట్టడానికి అవసరమైనది వేరు, నిలబడటానికి అవసరమైనది వేరు. మొదటి రోజు నుంచే జన్యువు లేని చిట్టెలుక ఈ తేడాను చెప్పలేదు. ఎందుకంటే అక్కడ ఇల్లు కట్టడమే జరగలేదు.

ఎస్‌సీఎల్ జన్యువు దీనికి మంచి ఉదాహరణ. మానవ ల్యుకేమియాలో దెబ్బతిన్న జన్యువుగా ఇది మొదట బయటపడింది. 1995లో రెండు బృందాలు దీన్ని చిట్టెలుకలో తొలగించాయి. తొమ్మిదిన్నరవ రోజు ప్రాంతంలో పిండాలు చనిపోయాయి. సొనసంచిలో సైతం రక్తం లేదు. మరుసటి సంవత్సరం మిశ్రమ చిట్టెలుకల ప్రయోగం, ఎస్‌సీఎల్ లేని కణాలు ఏ రకమైన రక్తకణాన్నీ ఇవ్వలేవని చూపింది. రక్త మూలకణాలకు ఎస్‌సీఎల్ ఎల్లప్పుడూ ఆధారమని చాలామంది అనుకోవడం సహజమే.

2003లో ఒక బృందం జన్యువును పెద్ద చిట్టెలుకలో, మూలకణాలు ఏర్పడిన తరవాత తొలగించింది. మూలకణాలు బతికే ఉన్నాయి, తమను తాము పునరుత్పత్తి చేసుకున్నాయి, పలురకాల కణాలను ఇచ్చాయి. ఎర్రకణాలు, రక్తఫలకికల ఉత్పత్తిలో మాత్రం లోపం కనిపించింది. అంటే ఎస్‌సీఎల్ మూలకణాన్ని "కట్టడానికి" అవసరం, "నిలబెట్టడానికి" అంతగా అవసరం లేదనిపించింది.

కథ ఇక్కడ ఆగలేదు. ఎస్‌సీఎల్‌ను పోలిన ఎల్‌వైఎల్-1 అనే మరో జన్యువు ఉంది. 2009లో పెద్ద చిట్టెలుకల్లో ఈ రెండింటినీ కలిపి తొలగించినప్పుడు మూలకణాలు బతకలేదు. రెండింటిలో ఏ ఒక్కటి ఉన్నా సరిపోతుంది. ఒక కర్ర తీసినా రెండోది మోస్తున్నందువల్ల 2003 ప్రయోగంలో ఇల్లు నిలిచింది.

ఈ మూడు మెట్లలో ఏ ప్రయోగమూ తప్పు కాదు. ప్రతి ప్రయోగం ఒక పరిమితమైన ప్రశ్నకు సరైన జవాబే ఇచ్చింది. పరిమితిని చెరిపేసి "ఎస్‌సీఎల్ మూలకణాలకు తప్పనిసరి" అని గానీ, "పెద్దవాటిలో అనవసరం" అని గానీ మనం రాసుకోవడమే తప్పు.

రంక్స్-1 విషయంలోనూ ఇదే జరిగింది. పెద్ద చిట్టెలుకలో తొలగిస్తే మూలకణాలు నిలిచాయి, రక్తఫలకికల మాతృకణాల పరిపక్వత, లింఫోసైట్‌ల అభివృద్ధి దెబ్బతిన్నాయి. 2009లో మరో బృందం ఇంకా దగ్గరగా చూసింది. రక్తనాళపు లోపలి గోడ కణాల్లోనే రంక్స్-1ను తొలగిస్తే మూలకణాలు పుట్టలేదు. అవి రక్తకణ స్వభావం పొందిన కాసేపటికి తొలగిస్తే మూలకణాలు మిగిలాయి. గోడ కణం రక్తకణంగా మారే ఆ కొద్ది కాలానికే రంక్స్-1 కచ్చితంగా కావాలి. సెంట్రింగ్ చెక్కల పోలిక ఇక్కడ సరిగ్గా సరిపోతుంది.

5. రెండవ విమర్శ: నిజంగా తొలగించారా?

"నాకౌట్" అన్న పేరు వినగానే జన్యువు పూర్తిగా పోయిందని అనుకుంటాం. తొలగింపు ఎలా జరిగిందో చూడకుండా అలా అనుకోకూడదు.

1994లో ఇకారోస్ జన్యువులో డీఎన్ఏకు అతుక్కునే భాగాన్ని తీసేశారు. ఆ చిట్టెలుకల్లో టి కణాలు, బి కణాలు, సహజ హంతక కణాలు ఏవీ లేవు. లింఫోసైట్ వంశం మొత్తానికి ఇకారోస్ తప్పనిసరి అన్న నిర్ధారణ వెలువడింది. 1996లో అదే జన్యువును మరో విధంగా, ప్రోటీన్ దాదాపు లేకుండా పోయేలా తొలగించారు. ఫలితం భిన్నం. బి కణాలు లేవు, పిండదశ టి కణాలు లేవు, కాని పుట్టిన తరవాత టి కణాలు వచ్చాయి.

పూర్తిగా తీసేస్తే లోపం తగ్గడం ఏమిటని మీకు అనిపించవచ్చు. కారణం ఇది. మొదటి మార్పులో ప్రోటీన్ చివరి భాగం మిగిలిపోయింది. ఇకారోస్ ప్రోటీన్‌లు ఆ చివరి భాగంతోనే ఒకదానితో ఒకటి, తమ బంధు ప్రోటీన్‌లతోనూ జతకడతాయి. డీఎన్ఏను పట్టుకోలేని ముక్క వెళ్లి బాగా ఉన్న బంధువులతో జతకట్టి వాటినీ పనిచేయనివ్వలేదు. కాబట్టి 1994 చిట్టెలుక కేవలం ఇకారోస్ లేని చిట్టెలుక కాదు. ఇకారోస్ కుటుంబాన్నే అడ్డుకునే ముక్క ఉన్న చిట్టెలుక. దాని విషమయుగ్మజాల్లో టి కణాల ల్యుకేమియా రావడం కూడా ఈ సంగతినే బలపరుస్తుంది.

మిగిల్చిన దాని ప్రభావం ఇలా ఉంటే, చొప్పించిన దాని ప్రభావమూ ఉంటుంది. బీటా గ్లోబిన్ జన్యువులను దూరం నుంచి నియంత్రించే డీఎన్ఏ ప్రాంతంలో ఒక భాగాన్ని తీసి, దాని స్థానంలో నియోమైసిన్ నిరోధక జన్యువును ఉంచినప్పుడు గ్లోబిన్ ఉత్పత్తి బాగా పడిపోయింది, సమయుగ్మజాలు బతకలేదు. అదే చిట్టెలుక వంశంలో ఆ ఎంపిక జన్యువును కూడా తీసేశాక లోపం చాలా స్వల్పమని తేలింది. 1995లో ప్రచురితమైన ఈ ఫలితం ఒక హెచ్చరిక. గోడలో ఇటుక తీసిన చోట మేకు వదిలేస్తే, తరవాత కలిగిన నష్టం ఇటుక లేనందువల్లనా, మేకు ఉన్నందువల్లనా?

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
జన్యువులో కొంత భాగాన్ని తొలగించిన చిట్టెలుకలో లోపం, జన్యువును పూర్తిగా తొలగించిన చిట్టెలుకలో కంటె తీవ్రంగా ఉండటానికి ఒక కారణం రాయండి.

6. మూడవ విమర్శ: ఒకే జన్యువు, రెండు ఫలితాలు

పీయూ.1 అనే అనులేఖన కారకం జన్యువును రెండు బృందాలు వేరువేరుగా తొలగించాయి. 1994లో వెలువడిన ఫలితంలో పిండాలు గర్భకాలం చివరిలో చనిపోయాయి. 1996లో రెండవ బృందం పిల్లలు సజీవంగా పుట్టాయి, రెండు రోజుల్లోపే రక్తంలో బ్యాక్టీరియా సోకి చనిపోయాయి. యాంటీబయాటిక్ మందులు ఇస్తే మరికొన్ని రోజులు బతికాయి. అలా బతికినందువల్లనే వాటిలో ఆలస్యంగా టి కణాలు రావడం చూడగలిగారు. ఆ మందులు ఇవ్వకపోతే "టి కణాలు లేవు" అని రాసి ముగించేవారు.

రెండింటిలోనూ కలిసివచ్చిన అంశాలు గమనించండి. మాక్రోఫేజ్‌లు లేవు, బి కణాలు లేవు. వేర్వేరు చేతుల్లో, వేర్వేరు విధాలుగా జన్యువును ఛేదించినా మారని ఫలితాన్ని గట్టిగా నమ్మవచ్చు. మారిన ఫలితం విషయంలో తొలగింపు తీరును, చిట్టెలుక జాతి నేపథ్యాన్ని, పెంపక పరిస్థితులను విచారించాలి.

జాతి నేపథ్యం గురించి ఒక మాట. పిండ మూలకణాలు ఎక్కువగా 129 అనే చిట్టెలుక శాఖ నుంచి వచ్చాయి. తరవాతి సంకరాలు ఎక్కువగా సీ57 నలుపు శాఖతో జరుగుతాయి. ఎన్ని తరాలు సంకరపరచినా తొలగించిన జన్యువుకు ఆనుకుని ఉన్న క్రోమోజోమ్ ముక్క 129 శాఖదే మిగులుతుంది. సహలగ్నత పాఠంలో మీరు చదివిన విషయమే ఇది. మామూలు తోబుట్టువుకు, నాకౌట్ చిట్టెలుకకు మధ్య ఒక్క జన్యువే తేడా అనుకుంటాం. నిజానికి పక్కనున్న జన్యువులు కూడా తేడాగానే ఉండవచ్చు.

7. నాలుగవ విమర్శ: "ఏమీ జరగలేదు" అన్న ఫలితం

జీఎం-సీఎస్ఎఫ్ అనే ప్రోటీన్ పేరును విడదీస్తే గ్రాన్యులోసైట్‌లు, మాక్రోఫేజ్‌ల గుంపులను పెంచేది అని అర్థం. గిన్నెలో పెంచిన మజ్జ కణాలకు దీన్ని కలిపితే ఆ కణాల గుంపులు ఏర్పడతాయి. పేరు అలా వచ్చింది. కాబట్టి 1994లో ఈ జన్యువు లేని చిట్టెలుకలను పుట్టించినప్పుడు తెల్లకణాలు బాగా తగ్గుతాయని ఎవరైనా ఎదురుచూస్తారు. రక్తంలో గానీ, మజ్జలో గానీ చెప్పుకోదగ్గ లోపం కనిపించలేదు. లోపం ఊపిరితిత్తుల్లో బయటపడింది. గాలిగదులను తడిగా ఉంచే కొవ్వు, ప్రోటీన్‌ల పూత తొలగకుండా పేరుకుపోయింది. దాన్ని తీసివేయవలసిన ఊపిరితిత్తి మాక్రోఫేజ్‌లు జీఎం-సీఎస్ఎఫ్ లేకుండా సరిగా పరిణతి చెందలేదు.

రక్తాన్ని మాత్రమే చూసి వదిలేసి ఉంటే ఇది తెలిసేది కాదు. మనుషుల్లో ఇలాంటి ఊపిరితిత్తి వ్యాధి ఒకటి చాలాకాలంగా కారణం తెలియకుండా ఉంది. 1999లో జపాన్ పరిశోధకులు ఆ రోగుల్లో జీఎం-సీఎస్ఎఫ్‌కు వ్యతిరేకంగా పనిచేసే ప్రతిరక్షకాలు ఉన్నాయని చూపారు. చిట్టెలుక ఇచ్చిన ఊహించని జవాబు రోగి మంచం దాకా వచ్చింది.

దీని నుంచి రెండు పాఠాలు. ఒకటి, గిన్నెలో ఒక పదార్థం చేయగలిగే పని వేరు, శరీరంలో దానికి ఉన్న బాధ్యత వేరు. రెండు, లోపం కనిపించకపోతే జన్యువుకు పని లేదని కాదు. బంధు జన్యువు ఆదుకుని ఉండవచ్చు, మనం వేరే చోట చూస్తూ ఉండవచ్చు, లేదా పరీక్షా పరిస్థితి సుఖంగా ఉండవచ్చు. ప్రయోగశాల చిట్టెలుక శుభ్రమైన పంజరంలో, రోగకారక క్రిములు లేని వాతావరణంలో పెరుగుతుంది. రోగనిరోధక కణాల్లో లోపం ఉన్నా అక్కడ అది బయటపడే అవకాశం తక్కువ.

8. ఐదవ విమర్శ: కొలిచే పనిముట్టే కొలతను మార్చితే?

కావలసిన సమయంలో జన్యువును తీసే విధానం గురించి నాలుగవ విభాగంలో చెప్పుకున్నాం. ఇందుకు జన్యువు ఇరువైపులా చిన్న గుర్తు వరుసలను పెట్టి, వాటి మధ్య భాగాన్ని కత్తిరించే క్రీ అనే ఎంజైమ్‌ను వాడతారు. 1995లో వచ్చిన ఒక ఏర్పాటులో క్రీ ఉత్పత్తి ఎంఎక్స్-1 అనే జన్యువు నియంత్రణలో ఉంటుంది. వైరస్‌ను పోలిన ఒక కృత్రిమ ఆర్ఎన్ఏను చిట్టెలుకకు ఎక్కిస్తే ఇంటర్‌ఫెరాన్ పుడుతుంది. ఇంటర్‌ఫెరాన్ ఆ నియంత్రణను మేల్కొల్పి జన్యువును కత్తిరింపజేస్తుంది. రక్త మూలకణాల అధ్యయనాల్లో దీన్ని విస్తారంగా వాడారు.

2009లో ఒక ముఖ్యమైన విషయం తెలిసింది. ఇంటర్‌ఫెరాన్ ఆల్ఫా నిద్రాణంగా ఉన్న రక్త మూలకణాలను స్వయంగా లేపి విభజనకు పంపుతుంది. జన్యువు పోయినందువల్ల మూలకణాలు విభజనకు వచ్చాయా, ఇచ్చిన సూదిమందువల్ల వచ్చాయా అన్న ప్రశ్న పాత ఫలితాలన్నింటి మీదా పడింది. దీనికి పరిహారం లేకపోలేదు. క్రీ ఉండి జన్యువు మామూలుగా ఉన్న చిట్టెలుకలకు అదే సూదిమందు ఇచ్చి పోల్చాలి, కొన్ని వారాలు ఆగి కొలవాలి. కాబట్టి ఒక ప్రయోగాన్ని చదివేటప్పుడు మొదట నియంత్రణ సమూహం ఏమిటో చూడండి. "మామూలు చిట్టెలుకలతో పోల్చాం" అన్న మాటతో తృప్తిపడకండి. ఆ మామూలు చిట్టెలుకలకు కూడా అదే మందు, అదే ఎంజైమ్ అందాయా అని అడగండి.

9. చిట్టెలుక నుంచి మనిషికి

చిట్టెలుక రక్తం మన రక్తానికి నకలు కాదు. దాని ఎర్రకణం సుమారు 40 రోజులు బతికితే మనది 120 రోజులు. దాని తెల్లకణాల్లో లింఫోసైట్‌లు అధికం, మనలో న్యూట్రోఫిల్‌లు అధికం. పెద్దయ్యాక కూడా దాని ప్లీహంలో ఎర్రకణాలు తయారవుతాయి, ఆరోగ్యవంతుడైన పెద్ద మనిషిలో అలా జరగదు.

గాటా-1ను మళ్లీ తీసుకుందాం. చిట్టెలుకలో పూర్తిగా తొలగిస్తే పిండం రక్తహీనతతో చనిపోతుంది. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో వచ్చే ఒక రకం ల్యుకేమియాలో గాటా-1 జన్యువులో మార్పులుంటాయని 2002లో తెలిసింది. అక్కడ జన్యువు పోదు, పొట్టి ప్రోటీన్ తయారవుతుంది. అలాంటి పొట్టి ప్రోటీన్ ఉన్న చిట్టెలుకలను తయారుచేస్తే పిండ కాలేయంలో కొన్ని కణాలు కొంతకాలం అతిగా పెరిగాయి, పెద్ద చిట్టెలుకల్లో ల్యుకేమియా రాలేదు. మనిషి వ్యాధికి దారితీసేది తరచుగా జన్యువు లేకపోవడం కాదు, మారిన రూపంలో ఉండటం. తొలగింపు ఒక్కటే ఆ ప్రశ్నకు జవాబు ఇవ్వదు.

మనకు దగ్గరి విషయం సికిల్ సెల్ వ్యాధి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలోని గిరిజన ప్రాంతాల్లో ఈ వ్యాధి ఉంది. దీని నిర్మూలన కోసం కేంద్ర ప్రభుత్వం 2023 జూలైలో జాతీయ కార్యక్రమాన్ని ప్రారంభించింది. ఈ రోగుల్లో పిండదశ హీమోగ్లోబిన్ పెరిగితే బాధ తగ్గుతుంది. దాన్ని అణచి ఉంచేది బీసీఎల్11ఏ అనే జన్యువు. ఈ ఆచూకీ చిట్టెలుకలో కాదు, మనుషుల జన్యు సమాచారంలోనే దొరికింది. మామూలు చిట్టెలుకలో మన పిండదశ గ్లోబిన్ వంటి ప్రత్యేక దశ లేదు కనుక, మానవ గ్లోబిన్ జన్యువులను చేర్చిన చిట్టెలుకలో బీసీఎల్11ఏను తొలగించి దాని పాత్రను 2009లో నిర్ధారించారు. 2011లో సికిల్ సెల్ వ్యాధి ఉన్న చిట్టెలుకలో ఎర్రకణ వంశంలో దీన్ని తొలగించగా వ్యాధి లక్షణాలు సరిపడ్డాయి.

మరి ఈ జన్యువును మనుషుల మజ్జలో పూర్తిగా తొలగించవచ్చా? దీనికి 2003 నాటి ఒక నాకౌట్ చిట్టెలుక ముందే హెచ్చరిక ఇచ్చింది. బీసీఎల్11ఏ బొత్తిగా లేని పిల్లలు పుట్టిన వెంటనే చనిపోయాయి, వాటిలో బి కణాలు లేవు. కాబట్టి జన్యువును ముట్టుకోకుండా, ఎర్రకణ వంశంలో మాత్రమే దాన్ని నడిపించే నియంత్రణ వరుసను కత్తిరించే మార్గం ఎంచుకున్నారు. ఆ సూత్రం మీద తయారైన జన్యు సవరణ చికిత్సకు 2023 నవంబరులో బ్రిటన్, డిసెంబరులో అమెరికా అనుమతి ఇచ్చాయి. ఇది చిట్టెలుక మనిషికి నేరుగా ఇచ్చిన మందు కాదు. మానవ జన్యుశాస్త్రం ప్రశ్న అడిగింది, చిట్టెలుక యంత్రాంగాన్నీ ప్రమాదాన్నీ చూపింది. ఈ పద్ధతికి తగిన స్థానం ఇదేనని నా అభిప్రాయం.

10. మొత్తం మీద తీర్పు

నాకౌట్ పద్ధతిని తోసిపుచ్చడానికి పైన చూపిన ఉదాహరణలు ఆధారం కావు. గమనించారా, ప్రతి పొరపాటు అవగాహనను సరిదిద్దింది కూడా మరో నాకౌట్ చిట్టెలుకే. ఎస్‌సీఎల్‌ను ఎల్‌వైఎల్-1, మొదటి ఇకారోస్‌ను రెండవ ఇకారోస్ సరిదిద్దాయి. తనను తాను సరిచేసుకోగల పద్ధతి బలమైన పద్ధతే. నా అభ్యంతరం ఒక్కటే. శీర్షికల్లో వాడే "తప్పనిసరి", "ప్రధాన నియంత్రకం" వంటి మాటలు పాఠ్యపుస్తకాల్లోకి వచ్చేసరికి షరతులను పోగొట్టుకుంటున్నాయి. షరతు పోయిన వాక్యం విద్యార్థికి జ్ఞానంగా అందదు, నినాదంగా అందుతుంది.

మరో కారణం కూడా ఉంది. ప్రతి ఫలితం వెనుక ప్రాణాలు పోయిన జంతువులు ఉన్నాయి. 1959లో రస్సెల్, బర్చ్ ప్రతిపాదించిన మూడు సూత్రాలు – వీలైతే ప్రత్యామ్నాయం వాడటం, సంఖ్య తగ్గించడం, బాధ తగ్గించడం – ఇప్పటికీ మార్గదర్శకాలే. నియంత్రణ సమూహం సరిగా లేని ప్రయోగం శాస్త్రపరంగానే కాదు, నైతికంగా కూడా వృథా.

మీలో చాలామందికి చిట్టెలుకల ప్రయోగశాల అందుబాటులో ఉండదు. ఉద్యోగం చేసుకుంటూ, ఇంటి పనుల మధ్య ఈ పుస్తకం చదువుతున్నవారే ఎక్కువ. అయినా ఒక ప్రయోగాన్ని తూకం వేయడానికి ప్రయోగశాల అక్కర్లేదు. జన్యువు గురించి ఏ వాక్యం చదివినా ఈ ఐదు ప్రశ్నలు పక్కన పెన్సిల్‌తో రాసుకోండి. జన్యువులో ఏ భాగం పోయింది? ఏ దశలో పోయింది? ఏ కణంలో పోయింది? దేనితో పోల్చారు? తిరిగి చేర్చితే లోపం సరిపడిందా?

11. సారాంశం

నాకౌట్ చిట్టెలుకలు రక్తం రెండు విడతలుగా పుడుతుందని, ఒక్కొక్క కణ వంశానికి ఏ జన్యువులు కావాలో చూపాయి. తొలిదశ మరణం తరవాతి దశల పాత్రను దాచగలదు. అసంపూర్ణ తొలగింపు, చొప్పించిన ఎంపిక జన్యువు, జాతి నేపథ్యం, వాడిన మందు ఫలితాన్ని మార్చగలవు. లోపం కనిపించకపోవడం జన్యువుకు పని లేదనడానికి రుజువు కాదు. మనిషికి వర్తింపజేసేటప్పుడు మానవ సాక్ష్యంతో కలిపి చదవాలి.

12. మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. ఈ ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 10 వాక్యాల్లో జవాబు రాయండి.
1. గాటా-1 మిశ్రమ చిట్టెలుకల ప్రయోగంలో లోపం కణానిదేనని ఎలా నిర్ధారించారు?
2. జీఎం-సీఎస్ఎఫ్ నాకౌట్ ఫలితం ఎందుకు ముఖ్యమైంది?

II. ఈ ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 30 వాక్యాల్లో జవాబు రాయండి.
1. "ఎస్‌సీఎల్ జన్యువు రక్త మూలకణాలకు తప్పనిసరి." ఈ వాక్యాన్ని 1995, 2003, 2009 ఫలితాల వెలుగులో విమర్శించి, మీ మాటల్లో సరిగా తిరగరాయండి.
2. సికిల్ సెల్ చికిత్సలో బీసీఎల్11ఏ జన్యువును పూర్తిగా తొలగించకుండా నియంత్రణ వరుసను మాత్రమే కత్తిరించడానికి గల కారణాలు వివరించండి.